అగరుబత్తితో కొన్న మిషను

"ఇంటి దగ్గర చిన్న షెడ్డు వేసుకున్నాను మాస్టారూ, శాండ్‌బ్లాస్టింగ్ మిషను కొందామనుకుంటున్నాను, ఏది మంచిది?" అని నెలకి ఒకరిద్దరైనా నన్ను అడుగుతుంటారు. అందరూ కుర్రాళ్లే. పాత మోటార్‌సైకిళ్లు బాగుచేసేవాళ్లు, గేట్లూ గ్రిల్లులూ చేసేవాళ్లు. ఫోనులో వీడియోలు చూసి వస్తారు. తుప్పుపట్టిన ఇనుము కళ్లముందే తెల్లగా తేలిపోతుంటే ఎవరికైనా చేతులు దురద పెడతాయి. నాకూ పెట్టాయి. అందుకే వాళ్లని వెక్కిరించను. "ముందు ఒక అగరుబత్తి పాకెట్టు కొనుక్కోండి నాయనా, మిషను సంగతి తర్వాత" అని మాత్రం చెప్తాను. ముసలాయనకి చాదస్తం అనుకుంటూ వెళ్లిపోతారు.

ఆ చాదస్తం ఎక్కడ పట్టుకుందో రాస్తాను. మిషను గురించి కూడా చెప్తాను. కానీ ముందు మా బావ గురించి చెప్పాలి.

సాలూరులో లారీ బాడీలు కట్టే ఒక యార్డులో ముప్పై ఏళ్లకి పైగా పనిచేశాను. పాత లారీ బాగుకి వచ్చిందంటే ఛాసిస్ నిండా తుప్పు పొరలు లేచి ఉంటాయి. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఆరు నెలల్లో ఊడిపోతుంది. అందుకని రంగుకి ముందు గాలి ఒత్తిడితో ఇసుక చిమ్మి ఇనుముని శుభ్రం చెయ్యాలి. మా యార్డులో దాన్ని ఇసక కొట్టడం అనేవాళ్లం. ఇసుక మన వేగావతి ఏటిదే. ఎండబెట్టి, జల్లించి, ట్యాంకులో పోసేవాళ్లం. పనికి ఇద్దరు కావాలి. ఒకరు నాజిల్ పట్టుకుని ఇసుక కొడతారు. రెండోవాళ్లు వెనకాల ట్యాంకు దగ్గర నిలబడి వాల్వు తిప్పుతారు. నాజిల్ నాది, వాల్వు బావది.

బావ నాకు చుట్టమేం కాదు. రామతీర్థం దగ్గరి రైతుల కుటుంబం, నాకన్నా నాలుగేళ్లు పెద్ద. నేను పనిలో చేరిన మొదటి రోజు పొద్దున్న "ఏటి బావా, కొత్తగొచ్చినావా? బువ్వ తెచ్చుకున్నావా?" అని అడిగాడు. తెచ్చుకోలేదన్నాను. తన క్యారేజీలో సగం పెట్టాడు. ఆ సగం అన్నంతో కలిసిన చుట్టరికం ఇప్పటికీ నడుస్తోంది.

ఇసుక కొడుతున్నప్పుడు మాటలు వినిపించవు. పక్కన పిడుగు పడ్డా తెలియదు. అందుకని మా ఇద్దరి మధ్యా ఉన్న రబ్బరు పైపే మా టెలిఫోను. నేను రెండుసార్లు లాగితే వాల్వు తెరవమని. ఒకసారి లాగితే కట్టెయ్యమని. ఇవి అన్ని యార్డుల్లోనూ ఉన్నవే. మూడు లాగుళ్లు మాత్రం బావ సొంతంగా పెట్టాడు. పావుగంటకోసారి తన వైపు నుంచి మూడుసార్లు మెల్లగా లాగేవాడు. "ఉన్నావా?" అని అడగడం అన్నమాట. నేను తిరిగి మూడు లాగితే "ఉన్నాను" అని. ఎండాకాలం ఆ టోపీలో ఉడికిపోయి నాజిల్ మనిషి కళ్లు తిరిగి పడిపోతాడేమోనని వాడి భయం.

టోపీ అంటే తలకి తొడుక్కునే పెద్ద డొప్ప. ముందు అద్దం ఉంటుంది, వెనక నుంచి సన్నటి గొట్టంలో మంచి గాలి వస్తుంది. యార్డులో అది ఒక్కటే ఉండేది. ఇసుక ఎగిరొచ్చేది నాజిల్ మనిషి ముఖానికే కదా, కాబట్టి టోపీ నాజిల్ మనిషికి. అది సరైన న్యాయమేనా అని మాకు ఏనాడూ అనుమానం రాలేదు. బావ తువ్వాలు కుళాయి కింద తడిపి, ముక్కూ నోరూ కట్టుకుని, నేను లేపిన దుమ్ములో నిలబడేవాడు. సాయంత్రానికి కనుబొమ్మల నుంచి కాలి గోళ్ల దాకా తెల్లగా ఉండేవాడు. "యేసం కట్టకండానే బూడిద సాములోరిని అయిపోనాను" అని నవ్వించేవాడు.

ఇక బెల్లం. దుమ్ములో పనిచేసేవాళ్లకి రోజూ సాయంత్రం ఒక బెల్లం ముక్క ఇచ్చేవారు. బెల్లం తింటే గొంతులో, గుండెల్లో పట్టిన ధూళి జారి కడుపులోకి పోతుందని నమ్మకం. మా యజమాని చెడ్డవాడు కాదు. ఏనాడూ బెల్లం మానలేదు, మంచి రకమే తెప్పించేవాడు. ఒకసారి ఎవరో కుర్రాడు ముక్కుకి తగిలించుకునే మాస్కులు అమ్మడానికి వచ్చి, ఇసుక దుమ్ము చాలా ప్రమాదమండీ అని ఏదో చెప్పబోయాడు. "మాకు బెల్లముంది నాయనా" అన్నాను నేను. యార్డంతా గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

బావ తన బెల్లంలో సగం విరిచి కాగితంలో చుట్టి నా జేబులో పెట్టేవాడు. మా అమ్మాయికి. "గుంటకి పెట్టు" అనేవాడు. ఆ బెల్లమే తన ఊపిరికి మందు అని వాడు గట్టిగా నమ్మేవాడు. అలా నమ్ముతూనే సగం మా పిల్లకి పంపేవాడు. ఈ సంగతి నాకు తట్టేసరికి మా అమ్మాయికి పిల్లలు పుట్టేశారు.

రిటైరయ్యాక పని లేకపోతే నాకు పిచ్చెక్కేలా ఉండేది. ఇంటి వెనక రేకుల షెడ్డు వేశాను. లారీ చక్రాల రిమ్ములు, గేట్లు, బండి విడిభాగాలు ఇసుక కొట్టి రంగు వేసి ఇద్దామని ఆలోచన. కొనేముందు ఒకసారి చూద్దామని యార్డులో మూలపడ్డ మా పాత ట్యాంకునే అడిగి తెచ్చుకున్నాను. టోపీ కూడా ఇచ్చారు. అలవాటు ప్రకారం వేగావతి ఇసుక జల్లించి ఎండబెట్టాను. "మళ్లీ ఆ ఇసకేటి? ఇన్నాళ్లూ తిన్నది సాల్నేదేటి?" అంది మా ఆవిడ. విననట్టు నటించాను.

గాలి కొట్టే కంప్రెసరు మోత రెండు వీధుల అవతల ఉన్న బావకి వినిపించింది. ఎవరూ పిలవలేదు. వచ్చాడు. కుళాయి దగ్గర తువ్వాలు తడిపి, ముఖానికి కట్టుకుని, వాల్వు దగ్గర నిలబడి నా వైపు చెయ్యి ఊపాడు. అప్పుడు నాకు కలిగిన సంతోషం దాచుకోను. పెళ్లినాడు కూడా అంత హుషారుగా లేను. రెండుసార్లు పైపు లాగాను. గాలి వచ్చింది.

రిమ్ము సగం అయింది. ఒకసారి మూడు లాగుళ్లు వచ్చాయి, మూడు తిరిగి లాగాను. మళ్లీ రావాల్సిన వేళకి రాలేదు. మరిచిపోయాడులే అనుకున్నాను. కాసేపటికి నాజిల్‌లో ఒత్తిడి పడిపోయింది. "ఏటి బావా, ఇసక అయిపోనాదా?" అని వెనక్కి తిరక్కుండానే అరిచాను. జవాబు లేదు. టోపీ తీసి చూస్తే బావ మోకాళ్ల మీద ఉన్నాడు. రెండు చేతులూ వాల్వు మీద ఉన్నాయి. ఊపిరి అందక నోరు తెరిచి ఉన్నాడు, పెదాలు నల్లబడ్డాయి. కూలబడే ముందు వాడు చేసిన పని వాల్వు కట్టెయ్యడం. వెనకాల కట్టే మనిషి లేకుండా నాజిల్ నా చేతిలో కొడుతూనే ఉండిపోతుందని.

విజయనగరం ఆస్పత్రికి తీసుకెళ్లాం. గాలి పెట్టారు, మర్నాటికి తేరుకున్నాడు. డాక్టరమ్మ చిన్న వయసు అమ్మాయి. ఎక్స్‌రే దీపానికి ఎదురుగా పెట్టి చాలాసేపు చూసింది. ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు.

"ఏం పని చేసేవారు తాతా? రాళ్ల క్వారీలోనా? ఇసుక కొట్టేవారా?"

"నాను కాదమ్మా, ఇసక కొట్టింది ఈడు" అని నన్ను చూపించాడు బావ. "నాను ఉత్తినే వాల్వు తిప్పీవోడిని."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. నాకూ ఎక్స్‌రే తీయించింది. వయసుకి తగ్గట్టు బాగానే ఉందంది. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టింది. ఇద్దరం ఒకే యార్డులో, ఒకే ఇసుక దగ్గర, రోజూ ఒకే గంటకి పని మొదలుపెట్టి ఒకే గంటకి ఆపినవాళ్లం. తేడా ఏమిటో ఆమెకి చెప్పాల్సి వచ్చింది. చెప్పాను. టోపీ ఒక్కటే ఉండేదమ్మా అన్నాను. తల ఎత్తి చెప్పలేకపోయాను.

"మరి బెల్లం తినీవోలం కదమ్మా" అన్నాడు బావ.

ఆమె నవ్వలేదు. మంచం అంచున కూర్చుని ఓపిగ్గా చెప్పింది. తిన్నది పోయే దారి వేరు, పీల్చింది పోయే దారి వేరు. బెల్లం ఆ దారిన వెళ్లదు. లోపల చేరిన సన్నటి ఇసుక ధూళి ఇక బయటికి రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి, ఇక మీదట దుమ్ము దరిదాపుల్లో ఉండకూడదు. బావ అంతా విని "అయితే ఆ బెల్లమంతా గుంటకే పెట్టీవలసింది బావా" అన్నాడు. నేను వరండాలోకి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడ్డాను.

ఆస్పత్రి నుంచి వచ్చాక నేనే వాళ్లింటికి వెళ్లి చెప్పాను, ఇక షెడ్డు వైపు రావద్దని. వాడి మంచికే చెప్పాను. వాడికి కోపం వచ్చింది.

"రావొద్దంటే నానేటి సెయ్యాలి? గోడ సూసుకుంటా కూకోవాలేటి?"

"పేణం ముక్యం కదా బావా."

"పేణం ఉంచుకుని ఏటి సెయ్యాలో అది కూడా సెప్పీసి ఎల్లు."

ట్యాంకునీ టోపీనీ యార్డుకి తిరిగి ఇచ్చేశాను. షెడ్డుకి తాళం వేశాను. వాడు మా వీధిలోకి రావడం మానేశాడు. పది రోజులు చూసి మా ఆవిడ విసుక్కుంది. "ఆయనొక మూల, నువ్వొక మూల మూతులు ముడుసుకుని కూకున్నారు. దూళి బయటికి రాని మిసను ఈ లోకంలో నేదేటి? ఎతకడానికి నొప్పా?"

నిజమే. ముప్పై ఏళ్లు ఇసుక కొట్టినవాడిని, ఈ పనికి ఇంకో దారి ఉందేమో అని ఆలోచించనే లేదు. నాకు తెలిసిన ట్యాంకూ నాజిలే పని, మిగిలినవి బొమ్మలు అనుకునేవాణ్ణి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం. అడిగి తెలుసుకుంటే పెట్టెలాంటి మిషన్లు ఉన్నాయన్నారు. ఇనప పెట్టె. పైన అద్దం, ముందు రెండు చిల్లులకి బిగించిన పొడుగాటి రబ్బరు గ్లోవ్సులు. వస్తువు లోపల పెట్టి, తలుపు మూసి, చేతులు గ్లోవ్సుల్లో దూర్చి లోపలే కొట్టాలి. కింద కాలితో తొక్కే పెడలు. ధూళిని లాగేసుకోవడానికి పక్కన ఒక యంత్రం. చిన్న వస్తువులే పడతాయి. ఇంటి షెడ్డుకి అంతకన్నా ఏం కావాలి?

కానీ పెట్టెల్లోనూ కారేవి ఉంటాయట. అది ఎలా పట్టుకోవాలి? ఇసుక ధూళిలో చెడ్డది కంటికి కనపడదు, డాక్టరమ్మ ఆ మాట రెండుసార్లు చెప్పింది. కంటికి కనపడనిదాన్ని ముక్కుతో పట్టుకోవచ్చు కదా అని దేవుడి గదిలో అగరుబత్తి పొగ చూస్తుంటే తట్టింది. పొగ ఎక్కణ్ణించి వస్తే ధూళీ అక్కణ్ణించి వస్తుంది. చిక్కల్లా నా ముక్కుతోనే. అన్నేళ్లు రంగులూ థిన్నర్లూ పీల్చి నాకు వాసన తెలియడం ఎప్పుడో పోయింది. మల్లెపూలకీ కిరసనాయిలుకీ తేడా చెప్పలేను.

బావ ఇంటికి వెళ్లాను. "నీ ముక్కు ఒక రోజు అరువియ్యాలి" అన్నాను. సంగతి చెప్పాను. వాడు వెంటనే ఔననలేదు. చొక్కా మాత్రం తొడుక్కున్నాడు.

ఇద్దరం బస్సెక్కి విజయనగరంలో మిషన్లు అమ్మే కొట్టుకి వెళ్లాం. కొట్టాయన గాలి ఒత్తిడి, నిమిషానికి ఎంత గాలి, నాజిల్ ఎన్ని మిల్లీమీటర్లు అని చెప్పుకుపోతున్నాడు. నేను ఖాళీ పెట్టె తలుపు తీయించి, లోపల నాలుగు అగరుబత్తులు వెలిగించి పెట్టాను. కొనేముందే పూజ చేస్తున్నామనుకున్నాడో ఏమో, పాపం కొట్టాయన కొబ్బరికాయ తెప్పించాడు.

మొదటిది చిన్నది, బల్ల మీద పెట్టుకునే రకం. తలుపు మూసి, లోపలికి గాలి వదిలించాను. బావ గ్లోవ్సులు బిగించిన చోట ముక్కు పెట్టి "ఇక్కడ గుప్పుమంటంది" అన్నాడు. పక్కకి పెట్టేశాం. రెండోది పెద్దది, మా పాత ట్యాంకులాగే ఒత్తిడితో కొట్టేది. కొట్టాయన తుప్పు పట్టిన ముక్క ఒకటి పెట్టి చూపించాడు. ఒక్క ఊపులో తెల్లబడిపోయింది. నా ప్రాణం దాని మీదికి పోయింది. ముప్పై ఏళ్లు చేతిలో ఆడిన బలం అది. అగరుబత్తులు పెట్టాం. తలుపు కింది అంచున బావ ఆగాడు. "కొద్దిగా వత్తన్నాది" అన్నాడు.

"రబ్బరు మారిస్తే ఆగిపోద్ది" అన్నాను నేను. వాడు అడగకుండానే ఆ మిషను తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. "ఇలాటిది మళ్లీ దొరకదు బావా. కొద్దిగే కదా."

బావ నన్ను చూశాడు. ఆ కోపం ఏమీ లేదు ముఖంలో. "నీకు నచ్చితే తీసీసుకో బావా. నాను దూరంగా కూకుంటాన్లే" అన్నాడు.

నా చేతిలో ఇంకా ఆ తెల్లబడిన ముక్క ఉంది. ముప్పై ఏళ్ల కిందట ఉన్న ఒక్క టోపీ ముందు కూడా వీడు ఇలాగే అని ఉంటాడు, నేను ఇలాగే తొడుక్కుని ఉంటాను. సిగ్గేసింది. ముక్కని బల్ల మీద పెట్టేసి "మూడోది చూపించండి" అన్నాను.

మూడోది నిదానం మనిషి. నాజిల్ తనంతట తానే కింద నుంచి, ఇసుకకి బదులు పోసే గింజని పీల్చుకుని కొట్టే రకం. రెండోది అయిదు నిమిషాల్లో చేసే పని ఇది పావుగంట చేస్తుంది. కానీ ధూళి లాగే యంత్రం గట్టిది. అది ఆన్ చెయ్యగానే లోపల పొగంతా వెనక గొట్టం వైపు వాలిపోయింది, బడి గంట కొట్టగానే పిల్లలంతా ఒకే గుమ్మం వైపు పరిగెత్తినట్టు. బావ తలుపు చుట్టూ, గ్లోవ్సుల చుట్టూ, అద్దం అంచుల వెంబడి ముక్కు పెట్టుకుంటూ తిరిగాడు. మధ్యలో ఆయాసం వస్తే ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. కొట్టాయన, ఆయన గుమాస్తా కూడా మాటలాపి చూస్తున్నారు.

"నేదు" అన్నాడు చివరికి. "ఏటీ నేదు బావా."

కొబ్బరికాయ దాని ముందు కొట్టాం.

మీరు అడిగిన సంగతులు కూడా ఇక్కడే చెప్పేస్తాను. మిషను కన్నా ముందు కంప్రెసరు చూసుకోండి. టైర్లకి గాలి కొట్టేది చాలదు, ఆగి ఆగి కొట్టాల్సి వస్తుంది. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. గాలిలో నీరు పట్టే ఫిల్టరు లేకపోతే గింజ ముద్దకట్టి నాజిల్ మూసుకుపోతుంది. అద్దాలు, గ్లోవ్సులు అరిగిపోయేవే, అదనంగా తెచ్చుకోండి. ఏటి ఇసుక మాత్రం వద్దు, బంగారం లాంటిదైనా వద్దు. గార్నెట్ అనే ఎర్ర గింజ దొరుకుతుంది, లేదా గాజు పూసలు వాడండి. మన సముద్రపు ఒడ్డున కనిపించే ఎర్ర చారలు ఆ జాతివేనంటారు. అలాగని గోనెసంచి పట్టుకుని బీచికి బయలుదేరకండి, కొట్లో శుభ్రం చేసినదే కొనండి. గింజ ఏదైనా మాస్కు పెట్టుకోండి. బెల్లం ఎంతైనా తినండి, కానీ దాన్ని మాస్కు అనుకోకండి.

మిషను షెడ్డులో దించాక నేను ఒక మార్పు చేయించాను. పెడలు గొట్టం పొడుగు పెంచి, గోడకి చిల్లు పెట్టి బయటికి తీయించాను. ధూళి యంత్రం గొట్టం రెండో పక్కకి పెట్టించాను. బయట పంచలో, మంచి గాలి వచ్చే చోట, ఒక కుర్చీ వేశాను. పెడలు ఆ కుర్చీ కింద ఉంటుంది. బిగించడానికి వచ్చిన మెకానిక్కు "ఇదేం పద్ధతండీ, మిషను ఇక్కడ, పెడలు అక్కడా?" అన్నాడు. "మా యార్డులో ఇంతే" అన్నాను.

ఇప్పుడు రోజూ పొద్దున్న బావ మెల్లగా నడుచుకుంటూ వస్తాడు. మధ్యలో రెండుచోట్ల ఆగుతాడు. షెడ్డు తుడిచే రోజున మాత్రం రానివ్వను. మాస్కు పెట్టుకుని కుర్చీలో కూర్చుంటాడు, పెడలు మీద కాలు పెట్టుకుంటాడు. నేను లోపల గ్లోవ్సుల్లో చేతులు దూర్చుకుంటాను. లాగడానికి మా మధ్య పైపు లేదు. అందుకని నాజిల్‌తో పెట్టె గోడ మీద కొడతాను. రెండు కొడితే తొక్కాలి, ఒకటి కొడితే వదలాలి. సాయంత్రం మా ఆవిడ ఇద్దరికీ చెరో బెల్లం ముక్క పెడుతుంది. ఏ పనికీ రాదని తెలిసీ తింటాం.

మిషను పెట్టిన మొదటివారంలో పని చేస్తుండగా చేతులు వాటంతటవే ఆగిపోయాయి. అన్నేళ్లలో "ఉన్నావా?" అని ప్రతి పావుగంటకీ అడిగింది వాడు. నాకు టోపీ ఉంది, మంచి గాలి ఉంది, అయినా అడిగాడు. ఆ దుమ్ములో తడి తువ్వాలు కట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా వైపు నుంచి అడగలేదు. అడగాలని తోచలేదు.

ఒకటి కొట్టి గాలి ఆపించాను. తర్వాత నాజిల్ తిప్పి పెట్టె గోడ మీద మెల్లగా మూడుసార్లు కొట్టాను.

బయటి నుంచి తిరిగి కొట్టిన చప్పుడు రాలేదు. కుర్చీ కిర్రుమంది. గ్లోవ్సుల్లోంచి చేతులు లాక్కోబోతున్నాను, ఇంతలో రేకు గోడ మీద అవతలి వైపు నుంచి వేలి కణుపులతో నెమ్మదిగా, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకుంటున్నట్టు, మూడు వినిపించాయి.